పుడితే చాలదు... పనిలో పడాలి!

మెదడు కణం పోతే పోయినట్టే, కొత్తది పుట్టదు... చాలాకాలం డాక్టర్లు చదువుకున్న పాఠమిది. 1960ల్లో జోసెఫ్ ఆల్ట్‌మన్ అనే శాస్త్రవేత్త ఎదిగిన ఎలుకల మెదడులో కొత్త నాడీకణాల్ని చూశానన్నా నమ్మినవాళ్లు తక్కువే. 1998లో మనుషుల్లోనూ ఆధారం దొరికింది. అదీ జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్‌లో!

అయితే పుట్టగానే సరిపోదు. ఎలుకల్లో పసికణానికి మొదట్లో పాత కణాలతో పొత్తే ఉండదు. పెద్ద కణాల్ని శాంతపరిచే గాబా అనే రసాయనం వీటిని మాత్రం ఉత్సాహపరుస్తుంది. రెండు మూడు వారాలకు కొమ్మలు చాచి ఇరుగుపొరుగుతో చేయి కలుపుతాయి. నాలుగు నుంచి ఆరు వారాల మధ్య పాతకాపుల కన్నా చురుగ్గా స్పందిస్తాయి. రెండు నెలలకు పెద్దల్లో కలిసిపోతాయి. ఈలోపే చాలా కణాలు రాలిపోతాయి. చక్రం మీద పరుగెత్తే ఎలుకల్లో ఇవి ఎక్కువగా పుడతాయి. కష్టమైన పాఠం నేర్చుకున్న వాటిలో ఎక్కువగా బతుకుతాయి.

మరి మనిషిలో? పెద్దవాళ్లలో అవి కనిపించనే లేదని 2018లో ఓ అమెరికా బృందం తేల్చింది. ఎనభై దాటినవారిలోనూ ఉన్నాయనీ, అల్జీమర్స్ రోగుల్లో మాత్రం బాగా తగ్గాయనీ 2019లో స్పెయిన్ పరిశోధకులు చెప్పారు. వాటిని పుట్టించే మూలకణాల్ని 2025లో స్వీడన్ శాస్త్రవేత్తలు గుర్తించారు. కాకపోతే అందరిలో ఒకేలా లేవట. ఎందుకో తెలిస్తే మతిమరుపు జబ్బుకు మందు వెతికేవారికి ఓ దారి దొరికినట్టే.

ఎలుకలకు కలిసొచ్చిన పరుగూ చదువూ మనిషి మెదడులోనూ అదే పని చేస్తాయా అన్నది ఇంకా తేలాలి. అప్పటిదాకా రోజూ నడిచి, ఓ కొత్త విద్య నేర్చుకుంటే నష్టమైతే లేదుగా!