మందు మోతాదు

మన భాషలో మందు అన్న మాట చేసేంత చాకిరీ మరే మాటా చేయదేమో! జ్వరానికి వైద్యుడిచ్చేదీ మందే. సాయంకాలం కొందరు పెద్దమనుషులు పుచ్చుకొనేదీ మందే. తుపాకిలో కూరేదీ మందే. మూడింటికీ ఉన్న పోలిక మోతాదు. మొదటి రెంటిలో అది తప్పితే దిద్దుకోవటానికి కొంత వ్యవధి ఉంటుంది. మూడవదానిలో రెప్పపాటు కూడా ఉండదు.

తెలుగు పాఠాలు చెప్పుకొనేవాడికి తుపాకులతో పనేమిటని మీరు అడగవచ్చు. ఈ ప్రశ్న మా ఇంట్లోనూ పుట్టింది. సంగతేమిటంటే, అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు సెలవురోజుల్లో గురి పందాలకు పోతుంటాడు. అక్కడ చాలామంది కాల్చిన తూటా తాలూకు ఇత్తడి గొట్టాన్ని పారవేయరు. ఇంట్లోనే దానికి మళ్ళీ మందూ గుండూ అమర్చుకొంటారు. అక్కడి చట్టం అందుకు అడ్డు చెప్పదు. మన దేశంలో మాత్రం 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయటం నేరం.

మావాడు మామూలు తూటాలతో తృప్తిపడక “అడవిపిల్లి” జాతిది ఒకటి పట్టుకొన్నాడు. కార్ఖానాలు తయారుచేసి అమ్మని తూటాలకు అక్కడివారు పెట్టుకొన్న ముద్దుపేరు అది. ఉన్న తూటా గొట్టం మెడను సన్నం చేసో, వెడల్పు చేసో, భుజాన్ని కాస్త ముందుకు జరిపో కొత్తదాన్ని పుట్టిస్తారు. 1906లో అమెరికా సైన్యం చేపట్టిన “థర్టీ ఆట్ సిక్స్” తూటా మెడను ఇట్లాగే సన్నం చేసి కొందరు ఒక అడవిపిల్లిని పుట్టించారు. అది ఎన్నో ఏళ్ళు ఊరూపేరూ లేకుండా తిరిగి, చివరకు 1969లో రెమింగ్టన్ కంపెనీ దత్తత తీసుకొన్న తరువాత “ట్వంటీఫైవ్ ఆట్ సిక్స్” అని గౌరవంగా చలామణీ అయింది. అయితే దత్తతకు నోచుకోనివే ఎక్కువ. అట్లాంటి వాటిలో ఎంత మందు పోయాలో చెప్పే పుస్తకం దొరకదు.

“మామయ్యా, దీనికి ఎక్కడా లెక్క లేదు. మా క్లబ్బులో ఒకాయన తాను పోసే లెక్క చెప్పాడు. శనివారం కాల్చి చూస్తాను” అని వ్రాశాడు. ఉత్తరం వచ్చింది బుధవారం. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా అక్కకు ఆ ముక్క చెప్పలేదు.

నా కళ్ళ ముందు మెదిలినవాడు మా ఊళ్ళో చేను కావలి కాచే తాత. మాది దేవరకొండ వైపు. గుట్టలూ, ఎర్రచెలకలూ, వాటిలో ఆముదాలూ పల్లీలూ. అడవిపందుల మంద ఒక్క రాత్రి దిగిందంటే పల్లిచేను దున్నిపెట్టినట్టే ఉంటుంది. తాత దగ్గర లైసెన్సున్న భర్మారు ఉండేది. పంట కాపుకు, గొట్టం నోట్లోనుంచి మందు కూరే తుపాకికి లైసెన్సు ఇచ్చే వీలు ఆ 1959 చట్టంలోనే ఉంది. “భర్” అంటే నింపు, “మార్” అంటే కొట్టు. పేరులోనే వాడే పద్ధతి ఇమిడి ఉంది, ఇంత పొదుపైన సమాసం మన వ్యాకరణంలోనూ అరుదు! 1946 నుంచి 1951 దాకా ఈ జిల్లాలో సాగిన రైతాంగ సాయుధ పోరాటంలో వడిసెలలూ గుతపలూ పట్టిన చేతుల్లోకి తరువాత వచ్చిన ఆయుధాల్లో ఇదీ ఒకటి.

తాతకు ఎడమచేతికి రెండు వేళ్ళు లేవు. వయసులో ఉన్నప్పుడు, అప్పటికే మందు కూరి ఉన్న తుపాకిలో ఇంకెవరో మళ్ళీ కూరి చేతికిచ్చారట. అటు తరువాత ఆయన కూరే కడ్డీ మీద రెండు గాట్లు పెట్టుకొన్నాడు. ఒకటి గొట్టం ఖాళీగా ఉన్నప్పటి లోతు, రెండవది ఒక్క మోతాదు సరిగా కూరినప్పటి లోతు. కడ్డీ దింపగానే లోపలి సంగతి బయటికి తెలిసిపోతుంది. గుండు మందును ఆనుకోకుండా మధ్యలో ఆగినా గొట్టం ఉబ్బి చీలే ప్రమాదం ఉంది. అదీ ఆ గాటే చెబుతుంది. మందు కొలవటానికి ఒక వెదురు గొట్టం. దాన్ని ఇంట్లో ఎవరూ ముట్టుకోరాదు. “జర తక్కువైతె పంది తప్పిచ్చుకుంటది. జర ఎక్కువైతె మనం తప్పిచ్చుకోలేం బిడ్డా” అనేవాడు.

అయితే తాత సూత్రం మావాడికి సగమే పనికివస్తుంది. తాతది పెట్లుప్పు, గంధకం, బొగ్గు కలిసిన నల్లమందు. మావాడిది పొగరాని మందు. 1884లో ఫ్రాన్సులో పాల్ వియెల్ కనిపెట్టిన మందు సంతతి. ఇది మూసిన చోట మండేకొద్దీ ఒత్తిడి పెరుగుతుంది, ఒత్తిడి పెరిగేకొద్దీ మరింత వేగంగా మండుతుంది. పదో వంతు ఎక్కువ పోస్తే ఒత్తిడి పదో వంతుతో ఆగదు. థర్టీ ఆట్ సిక్స్‌కు విధించిన హద్దే చదరపు అంగుళానికి 60,000 పౌన్లు. మన కారు చక్రంలో గాలి ముప్ఫై చిల్లర పౌన్లు! ఆ ఒత్తిడికీ కాల్చేవాడి చెంపకూ మధ్య ఉన్నది కొంత ఉక్కూ కాస్త ఇత్తడీ. పోనీ, భయపడి మరీ తక్కువ పోద్దామా అంటే, కొన్ని రకాల మందులను తాము చెప్పిన కనీసం కన్న తగ్గించవద్దని తయారుచేసినవారే హెచ్చరిస్తారు.

క్లబ్బు పెద్దమనిషి లెక్క నాకు పిట్టలదొర కోతలాగా వినిపించింది. ఖాకీ కోటూ టోపీ పెట్టుకొని, భుజాన తుపాకితో ఇంటింటికీ వచ్చి లేని ఏనుగులను చంపే తుపాకి రాముణ్ణి మన ప్రాంతంలో ఎరగనివారెవరు? అయితే ఆయనది కొయ్య తుపాకి, ఎన్ని కోతలు కోసినా పేలదు.

తాత కథంతా వ్రాసి, శనివారం కాల్చవద్దని టెలిఫోనులో కూడా చెప్పాను. మావాడు మంచివాడు, విన్నాడు. మందు తయారుచేసే కంపెనీకి వ్రాశాడు. దానికి తాము పరీక్షించిన లెక్క లేదనీ, అంత బరువు గుండుకు అంతకన్న చిన్న గొట్టమున్న అచ్చయిన తూటా లెక్కను చూచి, అందులోనూ అడుగు అంకెనుంచి మొదలుపెట్టమనీ జవాబు వచ్చింది. ఏ గొట్టం చిన్నదో తెలియటానికి కాల్చిన గొట్టాల్లో నీళ్ళు నింపి తూచాడట! నాకీ ఉపాయం ఎంతో నచ్చింది. ఆ తరువాత ప్రతి మెట్టునూ త్రాసులో తూచి, ఒక్కొక్క మెట్టే పైకి పోతూ, గుండు వేగాన్ని యంత్రంతో కొలిచాడు. గొట్టం అడుగున మచ్చలు పడ్డాయా అని చూచి నిశ్చింతగా ఉండేవారున్నారు కాని, ఇత్తడి ఆ మాట చెప్పేసరికి హద్దు ఎప్పుడో దాటి ఉండవచ్చు. వేగం ముందే చెబుతుంది. ఊరికే ఎవరికీ అదనపు వేగం రాదు. ఒత్తిడి దాని వెల.

పెద్దమనిషి చెప్పిన అంకెకు ఇంకా రెండు మెట్లు కిందనుండగానే, ఆయన చెప్పిన వేగం మావాడికి వచ్చేసింది. అక్కడే ఆగిపోయాడు. విచారిస్తే తెలిసింది, ఆయన రైఫిలు వేలకొద్దీ గుండ్లు కాల్చి లోపల అరిగినది. మావాడిది కొత్తది.

అప్పుడు మా అక్కకు కథంతా చెప్పాను. ఆమె సాంతం విని, “అంత చదువు చదివి అడవిపిల్లిని ఇంట్ల పెట్టుకునుడేందిరా? ఎక్కడన్న ఇడిచిపెట్టి రమ్మను” అన్నది.