మూడంగుళాల చాకు, మూరెడు అనుమానం

ఖరగ్‌పూర్‌లో చలికాలం రెండు విడతలుగా అడవి బాట పట్టిస్తుంది. మొదటి విడత మనది: కార్తీక మాసం, ఉసిరి చెట్టు నీడ, వనభోజనాలు. రెండోది బెంగాలీలది: డిసెంబరు చివరి వారంలో మొదలై జనవరి అంతా సాగే పిక్నిక్‌లు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ రెండింటినీ తమవి చేసుకున్నాయి. ఆదివారం వస్తే చాలు, గిన్నెలు, దుప్పట్లు, పొయ్యి సర్దుకుని కాంసాయి నది ఒడ్డుకో, నది దాటి మేదినీపూర్ శివారులోని గోప్‌గఢ్‌కో, ఇంకాస్త ఓపికుంటే రైలెక్కి ఝార్‌గ్రామ్ సాల అడవులకో బయల్దేరతారు.

ఆ సామాన్ల లెక్కలో ఎవరూ రాసుకోని వస్తువు ఒకటుంటుంది. ఇంట్లో పెద్దాయన జేబులోని మడత చాకు. మూటకు కట్టిన తాడు కోయడం, జామకాయ ముక్కలు చేయడం, పచ్చి కట్టె అంటుకోకపోతే దాన్ని చెక్కి పేళ్లు తీయడం, పిల్లవాడి కాలిలో దిగిన ముల్లు తీయడం, అన్నీ దానితోనే. కూరగాయలకు కత్తిపీట తెచ్చుకుంటారు గానీ కత్తిపీటను నది ఒడ్డున నడకకు తీసుకుపోలేరు కదా. చలికాలపు నడకలో చాకు విలువ ఏమిటో అది లేని రోజునే తెలుస్తుంది.

అయితే ఆ చాకు పనిముట్టా, ఆయుధమా? ఈ ప్రశ్నకు మన దేశంలో జవాబు చాలాసార్లు చాకును చూసి చెప్పరు. అది ఎవరి జేబులో ఉందో చూసి చెబుతారు.

ఖరగ్‌పూర్‌లో ఈ తేడా స్పష్టంగా కనబడుతుంది. ఇది ఒకే పేరున్న రెండు ఊళ్లు. ఒకటి వందేళ్లు దాటిన రైల్వే వర్క్‌షాపు చుట్టూ పెరిగింది. రెండోది 1951లో హిజ్లీ నిర్బంధ శిబిరం భవనాల్లో మొదలైన ఐఐటీ చుట్టూ పెరిగింది. ఐఐటీ కుర్రాడి వీపు సంచీలో ఎర్రటి స్విస్ చాకు ఉంటే అది ట్రెకింగ్ సరంజామా. అరిగిపోయిన ఆక్సా బ్లేడును సాన పట్టి, చెక్క పిడి బిగించుకున్న ఫిట్టర్ జేబులో అంతే పొడవున్న చాకు కనబడితే మాత్రం ఏ ఊరు, ఏం పని, ఎందుకు పెట్టుకున్నావన్న ప్రశ్నలు మొదలవుతాయి. పదును రెండింటికీ ఒకటే. తనిఖీ జరిగినప్పుడు ముందుగా ఎవరి సంచీ తెరుస్తారో రోజూ రైలెక్కేవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

చట్టం ఏమంటోంది? 1959 నాటి ఆయుధాల చట్టం ఈ విషయంలో నిజానికి తెలివిగానే రాసి ఉంది. దాడికో ఆత్మరక్షణకో ఆయుధంగా తయారుచేసిన వస్తువే ఆయుధమని, కేవలం ఇంటి అవసరాలకో వ్యవసాయానికో తయారైనవి ఆ నిర్వచనంలోకి రావని రెండో సెక్షన్ చెబుతుంది. లాఠీని, మామూలు చేతికర్రను ఉదాహరణగా కూడా ఇచ్చింది. ఆయుధాల నిబంధనల ప్రకారం కత్తుల్లో లెక్కకు వచ్చేవి బ్లేడు 9 అంగుళాలకు మించి పొడవు గానీ, 2 అంగుళాలకు మించి వెడల్పు గానీ ఉన్నవి. అందులోనూ ఇంటి, వ్యవసాయ, శాస్త్ర, పారిశ్రామిక అవసరాలకు ఉద్దేశించినవాటికి మినహాయింపు ఉంది. తుపాకులు కాని ఆయుధాలకు లైసెన్సు అడగాలన్నా నాలుగో సెక్షన్ కింద ఆ ప్రాంతానికి ప్రత్యేకంగా నోటిఫికేషన్ జారీ కావాలి.

ఈ లెక్కన జామకాయ కోసుకునే మూడంగుళాల చాకు ఆయుధమయ్యే ప్రసక్తే ఉండకూడదు. కానీ కథ అక్కడితో ముగియదు. ఢిల్లీ పాలనా యంత్రాంగం 1980 అక్టోబరులో జారీ చేసిన నోటిఫికేషన్ మీట నొక్కితేనో స్ప్రింగుతోనో తెరుచుకునే చాకులకు వేరే కొలత పెట్టింది: పొడవు 7.62 సెంటీమీటర్లు, వెడల్పు 1.72 సెంటీమీటర్లు. అంటే దేశమంతటికీ 9 అంగుళాల లెక్క ఉంటే, రాజధానిలో మీట చాకుకు 3 అంగుళాల లెక్క. ఇక ఉద్రిక్తతల వేళ మేజిస్ట్రేట్లు ఇచ్చే నిషేధాజ్ఞలు ఉండనే ఉన్నాయి. ఒకప్పటి 144 సెక్షన్, 2024 జులై నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 163వ సెక్షన్. ఈ కొలతలన్నీ పిక్నిక్‌కు వెళ్లే కుటుంబానికి తెలియవు. చెక్‌పోస్టు దగ్గర నిలబడ్డ కానిస్టేబుల్‌కు మాత్రం అన్నీ కంఠతా వచ్చని ఎలా అనుకోగలం? తెలియని చోట ఆయన చూపే చట్టమవుతుంది.

చాకు మీద ఈ అనుమానం ఊరకే పుట్టలేదు. పారశీకం నుంచి ఉర్దూ మీదుగా మన నోటికొచ్చిన ఈ మాటకు సినిమాలు వేరే అర్థం తొడిగాయి. ఉత్తరప్రదేశ్‌లోని రామ్‌పూర్ చాకు ఒకప్పుడు చేతిపనికి పేరు. తెర మీద విలన్ చేతిలో అది టక్కున తెరుచుకున్న దగ్గర్నుంచి ఆ పేరు రౌడీయిజానికి మారుపేరైంది. పొడవైన బ్లేడుల మీద ఆంక్షలు వచ్చాయి, కార్ఖానాలు మూతపడ్డాయి. విచిత్రమేమిటంటే, అదే ఊళ్లో 2023లో దాదాపు 20 అడుగుల చాకును కూడలిలో నిలబెట్టి చాకూ చౌక్ అని పేరు పెట్టారు. జేబులో ఉంటే అనుమానం, కూడలిలో ఉంటే వారసత్వం. బెంగాల్‌లో బర్ధమాన్ దగ్గరి కాంచన్‌నగర్‌కు కూడా ఒకనాడు చాకులు, కత్తెరలే పేరు తెచ్చాయి. ఆ పేరు ఇప్పుడు పాత పుస్తకాల్లోనే ఎక్కువగా కనిపిస్తుంది.

ఖరగ్‌పూర్ పడమటి అడవులకు ఇంకా దగ్గరి జ్ఞాపకాలున్నాయి. 2008 నవంబరులో లాల్‌గఢ్ రగిలినప్పుడు సంప్రదాయ ఆయుధాలు పట్టుకున్న సంథాలుల ఫొటోలు దేశమంతా చూసింది. 2009 జూన్‌లో సంయుక్త బలగాలు దిగాయి. 2010 మే 28 తెల్లవారుజామున ఖేమాశూలి, సర్డిహా స్టేషన్ల మధ్య జ్ఞానేశ్వరి ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పి దాదాపు 150 మంది ప్రాణాలు పోయాయి. రైల్వే ఊరికి అది వార్త కాదు, సొంతింటి విషాదం. 2011 నవంబరు 24న బురీశోల్ అడవిలో మరణించిన మావోయిస్టు నేత కిషన్‌జీ మన పెద్దపల్లివాడే. తెలుగు మాట్లాడుకుంటూ ఝార్‌గ్రామ్ అడవికి పోయే కుటుంబాలు ఆ శీతాకాలాల్లో నది ఒడ్డుతోనో దీఘా సముద్ర తీరంతోనో సరిపెట్టుకున్నాయంటే వింతేముంది?

శాంతి తిరిగొచ్చాక కూడా పదును మీద భయం పోలేదు. 2018 ఏప్రిల్‌లో లాల్‌గఢ్ సమీపంలోని బాఘ్‌ఘోరా అడవిలో, వేట పండుగ రోజుల్లో, ఎక్కడి నుంచో వచ్చిన పెద్దపులి బల్లెం పోట్లకు బలైంది. కాబట్టి అటవీ సిబ్బంది బల్లేలు, గొడ్డళ్లతో వచ్చే గుంపులను ఆపితే తప్పుపట్టలేం. తాగిన పిక్నిక్ గుంపు చేతిలో చాకు ఉండటం ఎంత ప్రమాదమో చెప్పనక్కర్లేదు. అయితే వేటకు పోయే బల్లేన్నీ, కట్టెలకు పోయే కొడవలినీ, జామకాయకు పోయే చాకునూ ఒకే గాటన కట్టడం భద్రత అనిపించుకోదు. అడవి అంచున బతికే సంథాల్ కుర్రాడికి నడుములో కొడవలి మన జేబులో పెన్నులాంటిది. చలికాలం తెల్లవారుజామున ఈతచెట్టెక్కి రసం దించి, బెల్లం వండే మనిషి కత్తి లేకుండా చెట్టెక్కడం ఎలా?

సమాజం గుర్తించిన చోట చట్టం వెసులుబాటు ఇవ్వగలదని మనకు తెలుసు. సిక్కుల కృపాణానికి రాజ్యాంగం 25వ అధికరణంలోనే చోటిచ్చింది. కొడవలకు ఆయుధాల లైసెన్సు నుంచి మినహాయింపు ఉంది. గొంతున్న సమూహాలు తమ ఆచారాన్ని కాగితం మీదికి ఎక్కించుకోగలిగాయి. ఫిట్టర్‌కూ, ఈత గీసేవాడికీ, కట్టెలేరుకునే ఆడమనిషికీ ఉన్నది ఆచారం కాదు, అవసరం. అవసరానికి అలాంటి కాగితం ఇంకా రాయలేదు.

మిగతా ప్రపంచం ఏం చేసింది? జపాన్‌లో హిగోనోకామి అనే మడత చాకు ఒకప్పుడు బడిపిల్లల పెన్సిళ్లు చెక్కేది. 1960 అక్టోబరులో సోషలిస్టు నేత అసనుమాను వేదిక మీదే ఓ పదిహేడేళ్ల కుర్రాడు పొట్టి కత్తితో పొడిచి చంపాక, పిల్లల చేతిలో పదునే ఉండకూడదన్న ఉద్యమం లేచింది. చంపింది పెన్సిల్ చెక్కే చాకు కాదు, అయినా పోయింది అదే. ఇంగ్లండ్, వేల్స్‌లలో మరో దారి: గట్టిగా బిగుసుకోని, 3 అంగుళాలు దాటని మడత చాకును ఎవరైనా వెంట ఉంచుకోవచ్చు. అంతకు మించితే తగిన కారణం చూపాలి. ఎవరి మీదైనా వాడాలన్న ఉద్దేశం ఉంటే చిన్నదైనా నేరమే. కత్తిపోట్లతో సతమతమవుతున్న దేశం కూడా ఈ చిన్న గీతను చెరపలేదు. చాకుకే పేరుపడ్డ స్విస్ కంపెనీ విక్టోరినాక్స్ మాత్రం ఇలాంటి ఆంక్షలు పెరుగుతుండటంతో బ్లేడు లేని పనిముట్టు తయారుచేస్తున్నట్టు 2024లో ప్రకటించింది.

పిక్నిక్‌కు వెళ్లేవాళ్లే పట్టించుకోని సంగతి మీకెందుకు, కందకు లేని దురద కత్తిపీటకెందుకు అని ఎవరైనా అనవచ్చు. దురద కందకు ఉంది, పైకి చెప్పదంతే. చాకు జేబులో పెట్టుకోవడం మానేసిన పెద్దలు చాలామంది కారణం అడిగితే అవసరం తీరిందని చెప్పరు, ఎందుకొచ్చిన గొడవ అంటారు. తప్పు చేయని మనిషి గొడవకు భయపడి పనిముట్టు ఇంట్లో వదిలేస్తే చట్టం గెలిచినట్టు కాదు, చట్టం అర్థం కానట్టు.

చేయాల్సింది పెద్ద పనేమీ కాదు. మీట చాకులు వద్దు. మూడంగుళాలు దాటని మామూలు మడత చాకుకు అభ్యంతరం లేదు. పనిమీద పోయేవారి కొడవలి, గొడ్డలి గుడ్డలో చుట్టి ఉంటే చాలు. మద్యం తాగిన గుంపు దగ్గర ఏ పదునూ ఉండకూడదు. ఈ నాలుగు వాక్యాలు గోప్‌గఢ్ గేటు దగ్గరా, ఝార్‌గ్రామ్ స్టేషన్‌లోనూ బెంగాలీ, సంథాలీ, హిందీ, తెలుగుల్లో రాసి పెట్టవచ్చు. 2020 డిసెంబరులో తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించిన రాష్ట్రానికి ఒక బోర్డు భారం కాబోదు.

మిగిలిన మర్యాద మన ఇళ్లలోనే ఉంది. కత్తిని చేతికివ్వకూడదు, కింద పెడితే అవతలివాళ్లు తీసుకోవాలని చాలా ఇళ్లలో పెద్దలు చెబుతారు. చేతికిస్తే తగవొస్తుందన్నది నమ్మకం. వేలు తెగకుండా ఉంటుందన్నది నిజం. ఆ మాట విని, వాడాక తుడిచి మడవడం నేర్చుకున్న పిల్లవాడికి పదును అంటే ఏమిటో తెలుస్తుంది. వచ్చే కార్తీకంలో అలాంటి ఒక పిల్లవాడు తాత చాకుతో ఉసిరికాయ కోస్తుంటే, దారినపోయే కానిస్టేబుల్ ఒక ముక్క అడిగి తీసుకుని ముందుకు సాగిపోగలగాలి.