అడిగేది మనం, అనుభవించేది వాళ్లు

పోస్టు కొంచెం పెద్దదే, డ్యూటీ అయినంక తీరికగా చదవండి. ఫోన్ పట్టుకుని మన వాళ్ల కష్టాలు లోకానికి చూపించాలని బయల్దేరిన తమ్ముళ్లు మాత్రం తప్పకుండా చదవాలి.

మన క్యాంపుల్లో ఇప్పుడు రిపోర్టర్లు పెరిగారు. పగలు షట్టరింగ్ పని, రాత్రి యూట్యూబ్ చానెల్. ఇందులో తప్పేమీ లేదు. మన కథ మనం చెప్పుకోకపోతే ఎవరు చెప్తారు? చిక్కల్లా ఒక్కటే. కెమెరా, మైకు, లైటు అన్నీ రెడీ చేసుకుంటాం గానీ, ప్రశ్నలు మాత్రం అక్కడికి పోయినంక నోటికొచ్చినట్టు అడుగుతాం. జీతం రాని అన్నను, కఫీల్ ఇంట్లోంచి బయటపడ్డ అక్కను, కొడుకు శవం కోసం ఎదురుచూస్తున్న తల్లిని అందరినీ ఒకే తీరుగా "మీ బాధ ఏందో చెప్పండి" అంటాం. వీడియో అయిపోయాక మనం రూముకు పోయి పడుకుంటాం. జవాబు చెప్పిన మనిషి మాత్రం తెల్లారి అదే క్యాంపు బాస్ ముందు నిలబడాలి.

అందుకే మనం చెప్పేది ఇది. ప్రశ్నలు ముందే కాగితం మీద రాసుకోవాలి. ఒక్కో ప్రశ్న పక్కన ఇంకో ప్రశ్న మనకు మనమే వేసుకోవాలి: "దీనికి జవాబు చెప్తే రేపు ఈ మనిషికి ఏమవుతుంది?" దానికి మన దగ్గర జవాబు లేకపోతే ఆ ప్రశ్న కెమెరా ముందు అడగొద్దు.

ఇది పిరికితనం కాదు. మనం ఉన్న దేశాలు అట్లాంటివి. యూఏఈలో 2021 నాటి 34వ నంబర్ సైబర్ చట్టం 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. ఒప్పుకోని మనిషి ఫొటో తీసినా, మాట రికార్డు చేసి బయటపెట్టినా జైలు, లేదా 1,50,000 దిర్హమ్‌ల నుంచి మొదలయ్యే జరిమానా, లేదంటే రెండూ. వీడియోలో వెనక మంచం మీద పడుకున్న రూమ్మేట్ కూడా మనిషే కదా, ఆయనను అడిగామా? ఖతార్‌లో సెక్యూరిటీ గార్డుగా పనిచేసిన కెన్యా యువకుడు మాల్కమ్ బిదాలి కార్మికుల బతుకుల గురించి వేరే పేరుతో రాసేవాడు. 2021 మే నెలలో పట్టుకుపోయారు. వారాల తరబడి ఒంటరి గదిలో పెట్టారు. తర్వాత 25,000 రియాళ్ల జరిమానా వేశారు. పేరు దాచుకుని రాసిన మనిషికే అట్లయితే, ముఖం చూపించి మాట్లాడేవాళ్ల సంగతి ఆలోచించండి.

ఇప్పుడు అసలు ప్రశ్నల దగ్గరికి వద్దాం.

ఖల్లివల్లి అయిన అన్నను "కంపెనీ నుంచి ఎందుకు పారిపోయినవ్?" అని అడుగుతాం. ఆ మాటలోనే తీర్పు ఉంది. ఆయన "జీతం ఇయ్యలే, అందుకే పారిపోయిన" అంటే మనకు మొదటి సగం వినపడుతుంది, కంపెనీ వాళ్లకు రెండో సగమే పనికొస్తుంది. దాని బదులు వరుసగా అడగాలి. చివరి జీతం ఏ నెలది? బ్యాంకులో పడ్డదా, చేతికిచ్చారా? అగ్రిమెంట్‌లో ఎంత రాశారు, వచ్చింది ఎంత? పాస్‌పోర్ట్ ఎవరి దగ్గర ఉంది? ఈ జవాబులు ఏడుపు తెప్పించవు గానీ లేబర్ కోర్టులో, ఎంబసీలో పనికొస్తాయి. పాస్‌పోర్ట్ నంబర్, ఇఖామా నంబర్, ఇప్పుడు ఉంటున్న రూము అడ్రసు మాత్రం వీడియోలోకి రావొద్దు. అవి ఎంబసీకి, మదద్ పోర్టల్‌లో ఇవ్వాల్సినవి.

అప్పు సంగతి కూడా అంతే. "ఎవరి దగ్గర తెచ్చినవ్, మిత్తి ఎంత?" అని ఊరంతా చూసే వీడియోలో అడిగితే, ఇంటి దగ్గర ఆయన భార్య తలెత్తుకుని తిరగలేదు. ఏజెంట్‌కు ఎంత కట్టారు, రసీదు ఉందా అని అడిగితే చాలు. లైసెన్సు ఉన్న ఏజెంట్ 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ తప్ప ఎక్కువ తీసుకోరాదు. లక్షన్నర కట్టానని ఆయన చెప్పాడంటే తప్పు ఎవరిదో చూసేవాళ్లకే అర్థమవుతుంది.

ఇళ్లల్లో పనిచేసే అక్కలతో ఇంకా జాగ్రత్త కావాలి. "ఆ ఇంట్లో నిన్ను ఏం చేశారు?" అనే ప్రశ్న పుండు మీద కారం. వీలైతే ఆడమనిషితోనే అడిగించండి. భర్తను, అన్నదమ్ములను పక్కన కూర్చోబెట్టి అడగొద్దు. "మీకు చెప్పాలనిపించినంతే చెప్పండి, వద్దంటే ఆపేద్దాం. ఇప్పుడు మీకు ఏం కావాలి?" అని మొదలుపెట్టాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అక్రమ రవాణా బాధితులైన ఆడవాళ్లను ఇంటర్వ్యూ చేసేవాళ్ల కోసం 2003లోనే 10 సూత్రాలు రాసింది. అందులో మొదటిది హాని చేయవద్దు అనే. ప్రమాదం ఎంతో ఆమెకే బాగా తెలుసు, ఆమె మాట వినాలి అని కూడా ఉంది. అత్యాచార బాధితురాలి పేరు, గుర్తులు బయటపెడితే మన దేశంలో భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం. చానెల్ చిన్నదైనా పెద్దదైనా చట్టం ఒక్కటే.

చావు జరిగిన చోట మొదటి ప్రశ్న రూమ్మేట్లకు వేయాలి: "ఇంట్లో ఎవరెవరికి తెలుసు?" లైవ్ పెట్టడం అయిదు నిమిషాల పని. ఊళ్లో ఆ పిల్లలు తండ్రి చావును ఫోన్‌లో చూసి తెలుసుకుంటే ఆ అయిదు నిమిషాలను ఎవరూ వెనక్కి తేలేరు. తర్వాత భార్యతో మాట్లాడాల్సి వస్తే "వార్త వినంగనే ఎట్ల అనిపించింది?" అని అడగకండి. ఎట్ల అనిపిస్తుందో మనకు తెలియదా? "ఆయన గురించి అందరికీ ఏం తెలియాలనుకుంటున్నారమ్మా?" అని అడగండి. ఆత్మహత్య అయితే ఎట్ల చేసుకున్నాడన్న వివరం అసలే వద్దు. గల్ఫ్‌లో చనిపోయిన వాళ్ల కుటుంబాలకు తెలంగాణ ప్రభుత్వం 2024లో 5 లక్షల రూపాయల సాయం ప్రకటించింది. అప్లికేషన్ పెట్టారా, ఏ కాగితం తక్కువ పడుతోంది అని అడిగితే ఆ ఇంటికి మేలు.

"ఇట్ల మెత్తగా అడిగితే వీడియో ఎవరు చూస్తారు? వైరల్ కాకపోతే లీడర్లు కదలరు" అనే మాట వింటూనే ఉన్నాం. అందులో కొంత నిజముంది. వీడియో చూసి కదిలిన అధికారులు ఉన్నారు. కానీ ముఖం దాచి, గొంతు మార్చి కూడా నిజం చెప్పొచ్చు. కొన్ని ప్రశ్నలు ఆయన శంషాబాద్‌లో దిగినంక అడగొచ్చు. ఆలస్యమైతే వార్త చచ్చిపోదు.

ఇంకో సంగతి. గట్టి ప్రశ్నలు వద్దని మనం అనడం లేదు. ఎవరికి వేస్తున్నామన్నదే చూసుకోవాలి. ఏడుస్తున్న అక్కను గుచ్చి గుచ్చి అడుగుతాం. అదే బతుకమ్మ పండుగకు ఇక్కడికొచ్చిన లీడర్ పక్కన నిలబడితే "దుబాయ్ ఎట్లుంది సార్?" అంటాం. తారుమారు కావాలి. ఆ లీడర్ కోసం కూడా కాగితం రాసుకోండి. పోయినసారి ఇచ్చిన మాట ఏది, ఎంతవరకు వచ్చింది, ఏ తారీకుకు అయిపోతది? ఏజెంట్ దొరికితే "మోసం చేశారా?" అనొద్దు, లేదంటాడు. లైసెన్స్ నంబర్ చెప్పమనండి, రసీదు బుక్కు చూపించమనండి.

ఇంటర్వ్యూ అయ్యాక రికార్డింగ్ ఆపే ముందు రెండు మాటలు అడగండి. "మేం అడగనిది ఏమన్నా ఉందా?" "ఇందులో తీసేయాల్సింది ఉందా?" తీసేయమంటే అక్కడే, వాళ్ల కళ్ల ముందే తీసేయండి. వాట్సాప్ గ్రూపుల్లోకి పోయినంక మన చేతుల్లో ఏమీ ఉండదు.

కొత్తగా చానెల్ మొదలుపెట్టిన తమ్ముడు మీ రూములో ఉంటే ఇది చదివి వినిపించండి. మీరు అడిగే ప్రశ్నలు కూడా రాయండి, అందరికీ పనికొస్తాయి.