పేరు పోయిన ద్రాక్ష

ఇటలీ ఈశాన్య మూలన, స్లొవేనియా సరిహద్దులో ఫ్రియులీ అనే ప్రాంతం ఉంది. అక్కడి రైతులు తరతరాలుగా పండించే తెల్ల ద్రాక్ష పేరు తొకాయ్ ఫ్రియులానో. వాడుకలో తొకాయ్. ఆ పేరుతోనే తీగ నాటారు, ఆ పేరుతోనే వైన్ అమ్మారు. 2007 మార్చి 31తో ఆ హక్కు పోయింది. తోట అదే, తీగ అదే, రైతు అతనే. సీసా మీద తొకాయ్ అని మాత్రం రాయకూడదు.

ఆ రైతులు కల్తీ చేశారా? లేదు. హంగరీలోనూ తొకాయ్ అనే ఊరుంది. అక్కడి తీపి వైన్‌కు ప్రపంచమంతా పేరుంది. అది ప్రధానంగా ఫుర్మింట్ అనే వేరే ద్రాక్షతో చేస్తారు. ఫ్రియులీ వైన్‌కు ఆ తీపి ఉండదు. సరుకు వేరు, రుచి వేరు, పేరు ఒక్కటే. 1993లో యూరప్ సముదాయం హంగరీతో వైన్ ఒప్పందం చేసుకుంది. ఆ ఒప్పందంలో ఫ్రియులీ రైతు పేరును వదిలేసింది.

ఫ్రియులీ ప్రాంతీయ ప్రభుత్వం తమ దేశ వ్యవసాయ మంత్రిత్వ శాఖ మీదే కోర్టుకెక్కాల్సి వచ్చింది. 2005 మేలో యూరప్ న్యాయస్థానం తీర్పు చెప్పింది. హంగరీది ఊరి పేరు కాబట్టి రక్షణ ఉంది, మీది ద్రాక్ష రకం పేరు కాబట్టి లేదు అంది. వైన్ అమ్ముకోవద్దని ఎవరూ అనలేదు కాబట్టి పరిహారం ఇవ్వకపోవడం తప్పు కాదంది. చివరికి ఫ్రియులీలో అది వట్టి ఫ్రియులానో అయింది. పక్కనున్న వెనెతోలో తాయ్ అయింది.

హంగరీ రైతుకు తన ఊరి పేరు మీద హక్కు లేదని మేము అనడం లేదు. ఉంది. కానీ ఆ హక్కు ఖరీదు ఫ్రియులీ రైతు ఒక్కడే ఎందుకు కట్టాలి?

రెండేళ్లు దాటగానే అదే గడ్డ మీద ఇంకో విచిత్రం జరిగింది. ప్రొసెక్కో కూడా ద్రాక్ష రకం పేరే. 2009లో ఆ ద్రాక్షకు గ్లెరా అని పేరు మార్చి, ప్రొసెక్కోను ప్రాంతం పేరుగా నమోదు చేశారు. ట్రియెస్తె దగ్గర ఆ పేరుతో ఒక ఊరుండటం కలిసొచ్చింది. వెనెతో, ఫ్రియులీల్లోని తొమ్మిది జిల్లాలకు ఆ పేరు దక్కింది. రకం పేరని నమ్మి ప్రొసెక్కో నాటిన ఆస్ట్రేలియా రైతును ఆ తర్వాత ఆ పేరు వదులుకోమని యూరప్ అడిగింది. నిన్న రకం పేరుకు రక్షణ లేదన్నారు. నేడు రకం పేరునే ఊరి పేరు చేశారు. చర్చల బల్ల దగ్గర ఎవరు కూర్చుంటే నియమం వారి వైపు తిరుగుతుంది.

ఎక్కడో వైన్ గొడవ మనకెందుకు అంటారా? బంగినపల్లి ఊరి పేరూ, మామిడి రకం పేరూ. 2017లో దానికి జీఐ గుర్తింపు వచ్చింది. కాగితం మీద యజమాని రైతు కాదు, ఉద్యానశాఖ కమిషనర్. యూరప్‌తో మన కేంద్రం 2022లో మళ్లీ మొదలుపెట్టిన చర్చల్లో వాణిజ్య ఒప్పందంతో పాటు జీఐ ఒప్పందం కూడా విడిగా చర్చకు వచ్చింది. ఏ పేరు ఉంచుకోవాలో, ఏ పేరు వదులుకోవాలో తేలేది అలాంటి బల్లల దగ్గరే.

అందుకే మన డిమాండ్లు సూటిగా ఉండాలి. సంతకానికి ముందే పేర్ల జాబితా తెలుగులో రైతుల ముందు పెట్టాలి. ఏ పంట పేరైనా వదులుకోవాల్సి వస్తే, మార్కెట్ నష్టానికి పరిహారం ఒప్పందంలోనే రాయాలి. జీఐ యాజమాన్యంలో రైతు సంఘాలకు చోటివ్వాలి.

మన వంతు పని కూడా ఒకటుంది. జీఐ చట్టం కింద పండించే రైతు అధీకృత వినియోగదారుగా నమోదు కావచ్చు. జీఐ ఉన్న పంట పండించే ప్రతి గ్రామంలో మన శాఖలు ఆ దరఖాస్తులు పెట్టించాలి. పేరు పోయాక కోర్టుకెక్కితే ఏం దక్కుతుందో ఫ్రియులీ రైతుకు తెలుసు.