బ్రేకుకు భక్తి పనికిరాదు

ఆగస్టు ఊరేగింపులో 1931 నాటి ఫోర్డు మోడల్ ఏ కారును పూలతో అలంకరించి, అందులో తెలుగుతల్లి వేషం వేసిన పాపనూ, చుట్టూ మరో ముగ్గురు పిల్లలనూ కూర్చోబెట్టాలని మన సంఘం వారు తలపెట్టారు. ఆలోచన ముచ్చటగానే ఉంది. ఆ కారు మాలో ఒకరిది. శనివారాలు దాని కింద దూరి చొక్కాలు పాడుచేసుకునే నలుగురమూ మేమే. కనుక మొగమాటం లేకుండా ఒక మాట మనవి చేస్తున్నాము: ఇప్పుడున్న బ్రేకులతో ఆ కారులో పిల్లలను ఎక్కించడానికి మేము ఒప్పుకోము.

ఈ మాట అనేసరికి మొన్న కాఫీల దగ్గర పెద్ద వాదమే లేచింది. “తొంభై ఏళ్లు దాటిన బండి, ఇన్నాళ్లూ ఆగింది, ఇప్పుడు ఆగదా?” అన్నారొకరు. “ఒక్క సీల మార్చినా అది ఒరిజినల్ కాదు, విలువ పోతుంది” అన్నారు మరొకరు. “ఇంత తర్జనభర్జన దేనికండీ, హైడ్రాలిక్ బ్రేకులు వేయించి పారెయ్యండి” అన్నారు ఇంకొకరు. ముగ్గురూ పెద్ద చదువులు చదివినవారే. మొదటి ఇద్దరి మాటా తప్పు. మూడో వారి మాట సగం నిజం.

మన ఊళ్లో నాన్నగారి సైకిలు గుర్తుందా? మీట నొక్కితే సన్నని ఇనపకడ్డీ కదిలి, రబ్బరు కట్ట చక్రానికి ఒరుసుకునేది. ఈ కారుదీ అదే వరస. పెడలు తొక్కితే కారు అడుగున అడ్డంగా ఉన్న ఇరుసు తిరుగుతుంది. దాని నుంచి నాలుగు చక్రాలకూ నాలుగు కడ్డీలు. కడ్డీ లాగితే డ్రమ్ము లోపలి రెండు షూలు విచ్చుకుని డ్రమ్మును ఒత్తుతాయి. నూనె లేదు, గొట్టం లేదు. ఇనుము ఇనుమును లాగడమే. సైకిలుకు ఒక్క సీల అరిగితే మీట ఎంత నొక్కినా వట్టిదే అయ్యేది గదా! ఇక్కడ ప్రతి కడ్డీకీ రెండు కొసలా సీలలే.

మార్చి నెలలో రివర్ రోడ్డు మీద ఎర్రదీపం చూసి పెడలు తొక్కితే కారు ఆగకుండా ఎడమకు లాగి పక్క వరుసలోకి దూరింది. పక్కన ఎవరూ లేరు కాబట్టి ఈ వ్యాసం రాయగలుగుతున్నాము. ఇంటికి తెచ్చి విప్పి చూస్తే ముందు ఎడమ షూ తొందరగా పట్టుకుంటున్నది. కుడివైపు సీలలు అరిగి, అసలు పట్టుకోవడమే లేదు. అందులో వింతేమీ లేదు. కడ్డీల బ్రేకులో నాలుగు చక్రాలకూ సమానంగా పంచే ఏర్పాటు ఏదీ లేదు. ఆ సమానత్వం మనిషి తన చేతులతో కుదర్చవలసిందే.

ఇక అసలు బలహీనత డ్రమ్ములో ఉంది. ఆనాడు ఫోర్డు వారు వేసినవి అచ్చొత్తిన ఉక్కురేకు డ్రమ్ములు. గట్టిగా తొక్కితే అవి సాగుతాయి, వేడెక్కితే వ్యాకోచిస్తాయి. షూ వెంటపడుతుంటే డ్రమ్ము పారిపోతుందన్నమాట. చివరకు పెడలు నేలకు తగులుతుంది. వేగం రెట్టింపయితే ఆపవలసిన శక్తి నాలుగింతలని ఇంజనీర్లకు మేము చెప్పనక్కరలేదు. 1931లో చుట్టూ ఉన్న బళ్లలో చాలావాటికి ఇంచుమించు ఇలాటి బ్రేకులే. ఇవాళ స్టెల్టన్ రోడ్డు మీద మన ముందరి కారు డిస్కు బ్రేకుతో టక్కున ఆగుతుంది. మనం ఆగము.

“ఒరిజినల్” అని దండం పెట్టేవారు ఒక చరిత్ర గమనించాలి. డ్యూసెన్‌బర్గ్ 1921లోనే హైడ్రాలిక్ బ్రేకులు పెట్టింది. క్రైస్లర్ 1924లో, చవకకారు ప్లిమత్ 1928లో పెట్టాయి. షెవ్రొలే 1936లో మారింది. హెన్రీ ఫోర్డు మాత్రం కడ్డీలనే పట్టుకు వేలాడి, 1939 మోడలుతో గాని దిగిరాలేదు. ఆయనే చివరకు వదులుకున్న పంతాన్ని మనం పూజామందిరంలో పెట్టుకోవడమెందుకు? పాతదాన్ని గౌరవించడం అంటే అరిగిన సీలను గౌరవించడం కాదు.

అయితే హైడ్రాలిక్ వేయమన్నవారికీ ఒక మాట. 1939 నుంచి 1948 వరకు వచ్చిన ఫోర్డుల బ్రేకులను మోడల్ ఏకు బిగించడం ఈ దేశంలో చాలామంది చేసే పనే. ద్రవంలో ఒత్తిడి అన్నివైపులా సమానమన్న పాస్కల్ సూత్రం వల్ల పంపిణీ సమస్య చాలావరకు తీరుతుంది. కాని ఆ పాత పద్ధతిలో నాలుగు చక్రాలకూ ఒకటే నూనెదారి. ఒక గొట్టం చిట్లిందంటే నాలుగూ పోయినట్టే. అందుకే కదా 1968 నుంచి ఈ దేశంలో కొత్త కార్లకు రెండు వేరువేరు దారులు ఉండాలని చట్టం చేశారు. వేయిస్తే రెండు దారులదే వేయించండి. అరకొర హైడ్రాలిక్ కన్నా చక్కగా కుదిర్చిన కడ్డీ మేలు.

మా ప్రతిపాదన ఇది. ఉక్కురేకు డ్రమ్ములు తీసి పోత ఇనుము డ్రమ్ములు వేయాలి. అవి అదే చోట కూర్చుంటాయి, బయటికి తేడా కనిపించదు. కొత్త లైనింగులను డ్రమ్ము వంపుకు సరిపోయేలా అరగదీయించాలి. సీలలూ బుష్షులూ అన్నీ మార్చాలి. కడ్డీల పొడవు తగ్గించి బిగువు తెప్పించే దొంగపని మానాలి. ప్రతి చక్రం వెనక ఉన్న సర్దుబాటు మేకుతోనే బిగించాలి. తరువాత నాలుగు చక్రాలూ పైకెత్తి, పెడలును కర్రతో కొంచెం కొంచెంగా నొక్కి నిలుపుతూ, ఒక్కో చక్రాన్నీ చేత్తో తిప్పి చూడాలి. పిమ్మట ఖాళీ మైదానంలో నడిపి పరీక్షించాలి. పాత డ్రమ్ములు పెట్టెలో భద్రంగా ఉంటాయి. ఒరిజినల్ కావాలన్న వారు ప్రదర్శనకు మళ్లీ బిగించుకోవచ్చు. గారేజీలో తల్లులకు ముఖ్యంగా చెప్పేది: పాత లైనింగుల దుమ్ములో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. గాలికొట్టి ఊదకండి. పిల్లలను దగ్గరికి రానీయకండి.

“తనిఖీలో పాసయింది గదా” అనే ధైర్యం కూడా లేదు. చారిత్రక వాహనాలకు న్యూజెర్సీ తనిఖీ మినహాయించింది. మామూలు సొంతకార్లకు సైతం 2010 ఆగస్టు నుంచి బ్రేకుల పరీక్ష ఎత్తివేశారు. అంటే చూసేవాడు లేడు. చూడవలసింది మనమే.

ఊరేగింపులో కారు నత్తనడకన పోతుంది, భయమేమిటి అంటారేమో. ఓక్ ట్రీ రోడ్డు దాకా ఎగిరిపోదు గదా. పిస్కాటవే నుంచి పోవాలి, అలసిన పిల్లలతో తిరిగి రావాలి. ఊరేగింపులోనైనా కారు ముందు నడిచేది మన పిల్లలే. పని పూర్తికాకపోతే కారు ట్రైలరు మీద రావచ్చు, తెలుగుతల్లి పక్కన నడిచి రావచ్చు. ఎవరి గౌరవానికీ లోటు రాదు.

కార్యవర్గం వారు డ్రమ్ముల ఖర్చులో సగం భరించగలిగితే సంతోషం. భరించకపోయినా మేము వేయిస్తాము. వాదించదలచిన మిత్రులకు శనివారం ఉదయం గారేజీ తలుపు తీసే ఉంటుంది. ముందు ఒక చక్రం విప్పుదురుగాని, తరువాత కాఫీ తాగుతూ మాట్లాడుకుందాము.