అభ్యాసమునకు మేర

అమెరికా దేశమున పాఠశాలల నడుమ ఫుట్‌బాలు పోటీ జరుగునపుడు, ఆటస్థలము అంచున ఒకే తీరు దుస్తులు ధరించిన బాలబాలికలు వరుసగా నిలిచి, కేకలు వేయుచు, చప్పట్లు చరచుచు, తమ పక్షమున ఆడువారికిని చూడవచ్చిన జనమునకును ఉత్సాహము కలిగింతురు. వీరిని చీర్‌లీడర్లు అందురు. మన దేశమున 2008లో ఆరంభమైన ఐ.పి.ఎల్. క్రికెట్టు పోటీలు చూచినవారికి ఈ పేరు కొత్త కాదు. అయితే అచ్చట కనబడినది జీతమునకు ఆడు పెద్దల నృత్యము. అమెరికా పాఠశాలలలో సాగునది వేరు. అది పసివయసువారి సాధన. ఆ సాధన ఎంత ఉండవలెనను ప్రశ్న అచ్చటి తల్లిదండ్రులను, శిక్షకులను, వైద్యులను చాలకాలముగా ఆలోచింపజేయుచున్నది.

ఈ విద్య 1898లో మిన్నెసోటా విశ్వవిద్యాలయమున పుట్టినది. జానీ క్యాంప్‌బెల్ అను విద్యార్థి జనసమూహము నెదుట నిలిచి, అందరిచేత ఒక్క గొంతుగా కేక వేయించెను. తరువాత ఇరువది యేండ్లకు పైగా ఇది మగవారి పనియే. పిమ్మట సేనానియు, దేశాధ్యక్షుడును అయిన ఐసెన్‌హోవర్, సైనిక కళాశాలలో చదువునాడు మోకాలు దెబ్బతిని ఫుట్‌బాలు మానుకొనవలసి వచ్చి, ఈ కేకలు వేయించు పనికి పూనుకొనెను. నాడు మంచి గొంతున్న చాలును. దెబ్బతిన్న మోకాలు అడ్డు రాలేదు.

నేడు అట్లు కాదు. ఇద్దరు బాలికలు తమ అరచేతులపై మూడవ బాలిక పాదములను మోసి, భుజములకు పైగా ఎత్తి నిలుపుదురు. నాలుగవ ఆమె వెనుక నిలిచి కాపు కాయును. ఒక్కొక్కప్పుడు పై బాలికను గాలిలోనికి ఎగురవేసి, మరల చేతులలో పట్టుకొందురు. నేలపై వేయు పల్టీలు దీనికి తోడు. పెద్ద పోటీలలో ఒక్కొక్క బృందమునకు లభించు సమయము రెండున్నర నిమిషములు మాత్రమే. ఆ కొద్ది నిమిషముల కొరకు నెలల తరబడి సాధన సాగును. 2021లో అంతర్జాతీయ ఒలింపిక్ సంఘము ఈ క్రీడను నడుపు ప్రపంచ సమాఖ్యకు సంపూర్ణమైన గుర్తింపు నొసగినది. ఇక దీనిని కేవలము వినోదమని తీసివేయుటకు వీలులేదు.

శిక్షకుల వాదమునందు బలము లేకపోలేదు. అభ్యాసము కూసువిద్య యని మన పెద్దలును చెప్పిరి. ఇరువదిమంది ఒకే లెక్కకు చేయి ఎత్తవలెనన్న, ఒకే క్షణమున మోకాలు వంచవలెనన్న, ఆ కదలిక తలచుకొనకయే వచ్చునంత అలవడవలెను. సాధన చాలని బృందము పిల్లను పైకెత్తుట ప్రమాదకరమని వారందురు. అది నిజమే. కాని సాధన చాలకున్న కలుగు ప్రమాదమును ఎరిగినవారు, సాధన మితిమీరిన కలుగు ప్రమాదమును అంత శ్రద్ధతో గమనించుట లేదు.

పెరుగుచున్న పిల్లల ఎముకల కొనలయందు మృదులాస్థితో కూడిన భాగములు ఉండును. ఎముక పొడవు పెరుగుట అచ్చటనే. పెద్దవారి ఎముకవలె అవి గట్టివి కావు. ఒకే మణికట్టుపై, ఒకే చీలమండపై దినదినమును ఒకే తీరు భారము పడుచున్న, అచ్చట నొప్పి మొదలగును. విశ్రాంతి నిచ్చిన అది తగ్గును, ఈయకున్న ముదురును. అందుచేతనే అమెరికా బాలవైద్యుల సంఘము, క్రీడలయందున్న పిల్లలకు వారమునకు ఒకటి రెండు దినములైనను సెలవు ఉండవలెననియు, సంవత్సరమున రెండు మూడు నెలలు ఆ ఒక్క క్రీడకు దూరముగా ఉండుట మేలనియు చెప్పినది. ఇదిగాక మరియొక సులువైన కొలత యున్నది: పిల్లకు ఎన్ని యేండ్లో, వారమునకు అన్ని గంటలకు మించి సాధన కూడదు. ఈ మేర దాటినవారికి గాయములు ఎక్కువగుచున్నట్లు అచ్చటి పరిశోధకులు గమనించిరి.

పదుమూడేండ్ల బాలిక యొకతె కలదనుకొనుడు. పాఠశాల బృందముతో అయిదు దినములు, దినమునకు రెండేసి గంటలు: పది గంటలు. పోటీలకు పోవు బయటి బృందముతో రెండు సాయంత్రములు, మూడేసి గంటలు: ఆరు గంటలు. పాఠశాల శిక్షకురాలికి పదియే కనబడును. బయటి శిక్షకునికి ఆరే కనబడును. ఇరువురును మితముగానే ఉన్నామని నమ్ముదురు. పదియు ఆరును కలిసి పదునారగుట ఆ బాలిక కాళ్లకు మాత్రమే తెలియును. అమెరికాలో రెండు బృందములయందు చేరు పిల్లలు చాలమంది యున్నారు. కూడిక చేయవలసినవారు ఎవరు? తల్లిదండ్రులే చేయవలెను, శిక్షకులును అడిగి తెలిసికొనవలెను.

ఈ విద్యలో అలసటకు మరియొక గుణము కలదు. పరుగుపందెమున అలసినవాడు తాను వెనుకబడును; అంతటితో సరి. ఇచ్చట క్రింద మోయు బాలిక అలసిన, పడునది పై బాలిక. కాబట్టి "నేను ఓర్చుకొందును, నాకేమియు కాదు" అను మాట ఈ బృందమున చెల్లదు. ఓర్పు ఆమెది, తల మరియొకతెది. 2012లో అదే వైద్యసంఘము, ఇట్టి విన్యాసములు గట్టి నేలపై చేయరాదనియు, మెత్తని తలమునగాని గడ్డినేలపైగాని చేయవలెననియు హెచ్చరించినది. చాపలు కొనుటకు ధనము కావలెను. అలసిన పిల్లను ఆపుటకు ధనము అక్కరలేదు. అయినను అదియే కష్టముగా తోచుచున్నది!

సాధనను గంటలతో కొలుచువారు తరచుగా పదివేల గంటల మాట చెప్పుదురు. ఆ మాటకు మూలము 1993లో ఎరిక్సన్ అను మనశ్శాస్త్రవేత్తయు, ఆయన సహచరులును బెర్లిను నగర సంగీత విద్యార్థులనుగూర్చి ప్రకటించిన పరిశోధనము. అందు మేటి వాయులీన విద్యార్థులు ఎక్కువ సాధన చేసిన మాట నిజము. అయితే వారు నడుమనడుమ విరామములు తీసికొనిరి. తక్కినవారికంటె ఎక్కువగా నిద్రించిరి. మధ్యాహ్నమున కునుకు తీసిరి. ఈ రెండవ సగమును చెప్పువారు అరుదు. పదుమూడేండ్లు మొదలు పదునెనిమిదేండ్ల వరకు గలవారికి రాత్రి ఎనిమిది మొదలు పది గంటల నిద్ర అవసరమని వైద్యులు చెప్పుచున్నారు. సాధన ముగించి రాత్రి పదింటికి ఇల్లు చేరి, పాఠములు చదివి, తెల్లవారుజామున లేచు బాలికకు అది ఎట్లు దొరకును?

మన పాఠశాలలలోను స్వాతంత్ర్య దినోత్సవమునకు పిల్లలు ఒకరి భుజములపై ఒకరు ఎక్కి పిరమిడ్లు కట్టుదురు. వాని సాధన కొన్ని దినములే. అయినను అట్టడుగున మోకరిల్లు బాలుని వీపు ఆ అమెరికా బాలిక భుజమువంటిదే. మన రైతు ఎండ ముదరగానే అరక విప్పును. చాలు మిగిలియున్నదని ఎద్దును కొట్టి తోలడు. మరునాడు మరల దున్నవలెనని వానికి తెలియును.

కావున శిక్షకుడు చూడవలసినది గోడ గడియారమును మాత్రమే కాదు. చేతులు వణకుట, లెక్క తప్పుట, నవ్వుచు మాటలాడు పిల్ల మౌనము వహించుట, ఇవి గడియారముకంటె ముందుగా చెప్పును. "నా చేతులు వణకుచున్నవి" అని క్రింది బాలిక బెదురు లేకుండ చెప్పగలుగవలెను. ఆ మాట వినబడినప్పుడు పోటీకి ఇంక రెండు దినములే యున్నను పై పిల్లను మెల్లగా దించి, ఆనాటికి చాపలు చుట్టవలెను.