సంచి మరిస్తే పొలానికే చేటు

ఉప్పల్, నాచారం ఇళ్లలో వాడి పారేసిన కవర్లు వానొస్తే నాలాల్లో పడతాయి. అక్కడి నుంచి మూసీకి, కత్వల కాల్వల వెంట మన వరి మళ్లకు చేరతాయి. తూములకు అడ్డం పడతాయి. మిగిలిన కూర కట్టి పారేస్తే పశువులు కవరుతో సహా మింగుతాయి. అది అరగదు, కడుపులోనే పేరుకుంటుంది.

120 మైక్రాన్ల కన్నా పలుచటి క్యారీబ్యాగులపై 2022 డిసెంబరు 31 నుంచే నిషేధం ఉంది. అయినా దొరుకుతూనే ఉన్నాయి. చిరువ్యాపారులకు జరిమానాలు వేస్తే చాలదు. ప్రభుత్వం తయారీ దగ్గరే కట్టడి చేయాలి.

మన వంతు మనమూ చేద్దాం. కూరగాయలు అమ్మేచోట కవరు ఇవ్వబోమని చెబుదాం. గుడ్డసంచి తెచ్చుకోవాలని, తడి చెత్త, పొడి చెత్త వేరు చేయాలని నగరవాసులను కోరదాం. ప్లాస్టిక్ కలవని తడి చెత్త ఎరువైతే మన నేలకే బలం.